సంగమం నీళ్ళు

"అవి దార్లోనే చచ్చిపోయుంటాయే సత్యా. నా మాట విను, స్టేషనుకి వెళ్ళకు. చచ్చిన చేపల్ని సంతకం పెట్టి మరీ తెచ్చుకుంటావా?"

మా అమ్మాయి ఇంకా జడైనా వేసుకోలేదు. దువ్వెన పళ్ళతో పట్టుకుని జుట్టు మూడు పాయలు చేసుకుంటోంది. అద్దంలోంచే నాకేసి చూసి, దువ్వెన తీసి అంది.

"బండి ఇంకా నిడదవోలైనా దాటలేదమ్మా. నువ్వు అప్పుడే వాటికి పదోరోజు కూడా చేసేసేలా ఉన్నావు."

"వానలకి ఆలస్యమంటున్నారు కదే. మద్రాసు నుంచి ఇంతదూరం, సంచుల్లో మూతికట్టేసి. గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"ఆక్సిజన్ కొట్టి కడతారు. నాన్న రొయ్యపిల్లల్ని తెచ్చినప్పుడు చూళ్ళేదా నువ్వు?"

నాన్న అన్నమాట దాని నోరుజారి వచ్చింది. ఇద్దరం ఒక్కసారే వసారా కేసి చూశాం. ఆయన పేపరు చదువుకుంటున్నారు. పేపరు కదల్లేదు.

గాజుతొట్టె ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ ఇంతే. సత్య పిలిస్తే ఆయన పలకరు. నేను పిలిస్తే తలెత్తి చూస్తారు. ఎరువుల కొట్టుకి వెళ్తారు, వస్తారు, కంచం ముందు కూర్చుంటారు. ముందుగదిలో అంత తొట్టె ఉంటే, అక్కడ గోడ తప్ప ఇంకేం లేనట్టు నడిచి వెళ్ళిపోతారు.

"కాస్త ఆలోచించుకోవే," అన్నాను గొంతు తగ్గించి. "బి.ఇడి. కౌన్సెలింగు దగ్గరకొచ్చేసింది. హాయిగా టీచరుద్యోగం..."

"చెప్పాను కదమ్మా. ఈ చేపలు బతక్కపోతే తొట్టె అమ్మేసి బి.ఇడి.లో చేరిపోతాను. నీ మీద ఒట్టేశాను కూడా. బతికితే మాత్రం చంద్రరావు డాక్టరుగారి ఆస్పత్రిలో తొట్టె నేనే పెడతాను. ఆయనేమన్నారు? ముందు మీ ఇంట్లో బతికించి చూపించమ్మా అన్నారు. చూపిస్తాను."

నిజం చెప్పాలంటే, చేపలు పోతేనే నయమని నా మనసులో సగం అంటూనే ఉంది. నీళ్ళతో చేసే వ్యాపారం ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అందులో ఆడపిల్ల. రెండో సగం మాత్రం, పిల్ల నెల్లాళ్ళుగా ఆ తొట్టె ముందు చాప వేసుకుని పడుకుంటున్న సంగతి మరిచిపోనివ్వడం లేదు.

మా అత్తగారు సూరమ్మగారు కాఫీగ్లాసు కొంగుతో పట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చున్నారు.

"చేపల్ని పులుసు పెట్టుకోడానికి తెచ్చుకునేవాళ్ళని చూశాను గానీ, రైలెక్కించి రప్పించుకునేవాళ్ళని చూళ్ళేదే. వాటికి టిక్కెట్టుందా, తీశావా?"

"తీశాను మామ్మా. కిటికీ పక్క సీటు."

"మరి నన్ను పోయినసారి అన్నవరం నిలబెట్టి తీసుకెళ్ళావు."

బయట రాజరత్నం ట్రాలీ ఆటో హారను కొట్టాడు. మా వీధి చివర ఇల్లే అతనిది. తొట్టెకి సముద్రం నీళ్ళు డ్రమ్ములతో తెచ్చిపెట్టింది కూడా అతనే. సత్య చెప్పులేసుకుని, వసారా మెట్లు దిగుతూ ఆగింది.

"వెళ్ళొస్తాను నాన్నా."

పేపరు పేజీ తిరిగింది. అదే సమాధానం అనుకుని వెళ్ళిపోయింది.

*

ఆటో చప్పుడు సందు మలుపు తిరిగిందో లేదో, ఆయన లేచారు.

నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. గుమ్మంలోంచి ముందుగది కనిపిస్తుంది. ఆయన తొట్టె దగ్గరికి వెళ్ళారు. ఇటూ అటూ చూశారు. మూత కాస్త ఎత్తి, వేలు నీళ్ళలో ముంచి, నాలిక్కి రాసుకున్నారు.

నా చేతులు గిన్నెలోనే ఉండిపోయాయి.

ఆ పని ఆయన చేయగా చూసి ఎన్నేళ్ళయిందో. అంతర్వేది దిగువన మాకు చెరువులున్నప్పుడు రోజూ చూసేదాన్ని. హేచరీ నుంచి రొయ్యపిల్లలు సంచుల్లో వచ్చేవి. చెరువు నీళ్ళు వేలితో నాలిక్కి రాసుకుని, సంచినీళ్ళు రాసుకుని, ఒక్కక్షణం కళ్ళు మూసుకుని, "దింపచ్చు" అనేవారు. కొలిచే మీటర్లు అందరి దగ్గరా ఉండేవి. అయినా మీటరు చూసుకున్నాక ఒకసారి ఈయన్ని పిలుచుకెళ్ళేవారు. ఈయన పేరు చెప్పి, పెద్దిరాజు దింపచ్చన్నాడంటే చాలు, పిల్లని చెరువులోకి దింపేవారు.

ఆ చివరి ఏడు కూడా అందరి చెరువుల దగ్గరా దింపచ్చన్నారు. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చింది. ఒక్కరి చెరువూ మిగల్లేదు. ఎవ్వరూ ఆయన్ని ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. చెరువులొదిలేసి ధవళేశ్వరం వచ్చేశాం. అప్పట్నుంచీ ఆ నాలుక ఉప్పు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కంచం ముందు కూర్చున్నప్పుడు రోజూ అడుగుతాను, పులుసులో ఉప్పు సరిపోయిందా అండీ అని. ఉప్పు రెట్టింపు వేసిన రోజున కూడా వంచిన తల ఎత్తకుండా తినేసి లేచారు. పరీక్షకే వేశాను. ఆ రాత్రి నేనే మూడుసార్లు లేచి నీళ్ళు తాగాను.

ఇప్పుడు తొట్టె ముందు నిలబడ్డ మనిషి ముఖం మారింది. మళ్ళీ వేలు ముంచారు. మళ్ళీ రాసుకున్నారు.

"ఏంటండీ?" అన్నాను గుమ్మంలోకి వచ్చి.

మూత దించేసి, వేలు పంచెకి తుడుచుకుని వసారాలోకి వెళ్ళిపోయారు. పేపరు మళ్ళీ ముఖానికి అడ్డం వచ్చింది. ఆ వేళ కొట్టుకి కూడా వెళ్ళలేదు.

నీళ్ళకేదో అయింది. ఏమైందో నాకు తెలియదు. నేనూ వేలు ముంచి చూశాను. ఉప్పగానే ఉంది. నాలాంటివాళ్ళకి ఉప్పంటే ఉప్పే.

*

అన్నాలవేళ దాటాక వచ్చింది పెట్టె. తెల్లటి థర్మాకోల్ పెట్టె, చుట్టూ టేపు. రాజరత్నం ఒక పక్క, సత్య ఒక పక్క పట్టుకుని, పసిపిల్లని దించినట్టు దించబోయారు.

"ఆగండి," అన్నారు అత్తగారు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఎర్రనీళ్ళు. పసుపూ సున్నం ఎప్పుడు కలిపారో.

"మామ్మా, అవి చేపలు."

"కొత్తగా గడప దాటుతున్నాయి కదా. స్టేషన్లో ఎంతమంది కళ్ళు పడ్డాయో. నిలబడు."

సత్య నిలబడింది. రాజరత్నం నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాడు. అత్తగారు పెట్టె చుట్టూ మూడుసార్లు తిప్పి, ఆ నీళ్ళు వీధిలోకి దూరంగా పారబోసి వచ్చారు. ఒక చుక్క తొట్టెలో పడుతుందేమోనని నేను అంతసేపూ తొట్టెకి అడ్డంగా నిలబడ్డాను.

గది తలుపులూ కిటికీలూ మూసేయించింది సత్య. చీకట్లో వచ్చినవాటికి ఒక్కసారిగా వెలుతురు తగిలితే బెదిరిపోతాయట. టేపు కోసి మూత తీసింది. ఉబ్బిన పాలిథిన్ సంచులు. ఒక్కోదాన్నీ ఎత్తి చూసింది. నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న జంట ఒకటి. మరో సంచిలో వేలెడంత నీలం చేప. ఇంకోదాంట్లో పసుపుపచ్చది, అది అడుగున ఒక పక్కకి ఒరిగి ఉంది.

"పోయింది," అన్నాను.

"మొప్పలు కదులుతున్నాయమ్మా. చూడు."

చూశాను. కదులుతున్నాయి. ఆయాసం వచ్చిన పిల్లాడి డొక్కల్లా ఎగరేస్తున్నాయి. అంతవరకూ అవి నాకు చేపలు. ఆ పక్కకి ఒరిగినదాన్ని చూశాక, బి.ఇడి. మాట నా మనసులో ఏ మూలకి పోయిందో.

"మూతి విప్పెయ్యవే. ఊపిరాడ్డం లేదు దానికి."

"విప్పకూడదు. విప్పితే లోపలున్న మురుగుకి బయటిగాలి తగిలి ఇంకా విషమైపోతుంది. ముందు సంచి అలాగే తొట్టెలో తేలేస్తే, లోపలి నీళ్ళూ మన నీళ్ళూ ఒకే వేడికి వస్తాయి. తర్వాత విప్పి గబగబా పని చూసుకోవాలి."

సంచులు తొట్టెలో తేలుతున్నాయి. తొట్టెలో ముందునుంచీ ఉన్న నల్ల మోలీ చేపలు వచ్చి పాలిథిన్‌ని మూతులతో పొడిచి చూస్తున్నాయి. సత్య పెట్టె అడుగున న్యూస్‌పేపర్లో చుట్టిన వస్తువు తీసింది. నీళ్ళలో ఉప్పు కొలిచే గాజుపుల్ల. రాజమండ్రిలో దొరక్క, చేపలతోపాటే పంపమని ఎస్టీడీ బూత్ నుంచి పదేపదే చెప్పింది.

"ఉప్పు ఎంత చిక్కగా ఉంటే ఇది అంత పైకి తేలుతుంది," అని నాకు చెబుతూ తొట్టెనీళ్ళలో వదిలింది.

పుల్ల దిగింది. ఇంకా దిగింది. మెడదాకా మునిగి ఆగింది.

సత్య పుల్ల తీసి తుడిచి మళ్ళీ వదిలింది. మళ్ళీ అంతే. ఒక సంచి మూతి విప్పి, చేపని సంచినీళ్ళతోసహా బకెట్లోకి వంచి, అందులో పుల్లని వదిలింది. అక్కడ పుల్ల తల పైకెత్తి నిలబడింది.

"పుల్ల విరిగిందేమోనే," అన్నాను.

"విరగలేదు." అంది సత్య. "మన నీళ్ళలో ఉండాల్సిన ఉప్పులో సగం కంటే కొంచెమే ఎక్కువుంది. ఇవి సముద్రం నీళ్ళు కావు. రాజరత్నం అన్నయ్యా, నీళ్ళెక్కడ పట్టావు? కాకినాడ బీచిలోనే కదా?"

గుమ్మంలో చెంబుతో నీళ్ళు తాగుతున్న రాజరత్నం చెంబు దించాడు. సత్యకేసి చూడలేదు. మా అత్తగారి కేసి చూశాడు.

"చెప్పొద్దన్నారు కదండీ మామ్మగారూ."

"ఇప్పుడు చెప్పు," అంది సత్య.

"అంతర్వేదిలో పట్టానమ్మా. సంగమం దగ్గర. మొదటిసారి చేస్తున్న పని, సంగమం నీళ్ళయితే శుభమని మామ్మగారు అన్నారు. నాదేముంది, అదీ సముద్రమేగా అనుకున్నాను. కాస్త ఎర్రగా ఉన్నాయి. రెండ్రోజులు వదిలేస్తే తేరుకుంటాయన్నారు మామ్మగారు. తేరుకున్నాయి కూడా."

"అన్నయ్యా, గోదారి వరదలో ఉందప్పుడు. వశిష్ఠ పాయ మొత్తం వచ్చి అక్కడే కలుస్తుంది. సగం గోదారినీళ్ళు తెచ్చావు."

"నాలిక్కి ఉప్పగానే తగిలిందమ్మా. రాసుకు చూశాను."

"అందరం చూశాం," అంది సత్య. "నేనూ చూశాను. మోలీలు హాయిగా తిరుగుతుంటే నమ్మాను. అవి ఎందులోనైనా బతుకుతాయి."

నేను అత్తగారి కేసి తిరిగాను. తిడదామనే తిరిగాను. ఆవిడ ఖాళీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గోడకానుకుని ఉన్నారు. ఎప్పుడూ ఎదురు అడగడమే తప్ప తగ్గని మనిషి.

"చేపలకోసం కాదే పాపాయీ," అన్నారు నాతో, మెల్లిగా. "వాడికోసం మొక్కుకున్నాను. చెరువుల దగ్గర పోయిన మాట చెరువుల దగ్గరే తిరిగొస్తుందేమోనని. ఆ నీళ్ళు ఇంట్లో ఉంటే, వచ్చిపోతూ చూస్తాడు కదా, ఎప్పుడో ఒకప్పుడు నోరు విప్పుతాడేమోనని."

వసారాలో పేపరు చప్పుడైంది. అంతే.

*

నేను వంటింట్లోకి పరిగెత్తి కల్లుప్పు జాడీ ఎత్తుకొచ్చాను. సత్య నా మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా. వంటుప్పు పోస్తే సముద్రం అయిపోదు. అందులో ఇంకా చాలా ఉంటాయి. ఒక్కసారిగా పోస్తే మోలీలు కూడా పోతాయి."

"మరి కాకినాడ వెళ్ళొస్తాను, ఇప్పుడే బయలుదేరతాను," అన్నాడు రాజరత్నం.

"వెళ్ళిరా అన్నయ్యా. ఆ నీళ్ళు రేపట్నుంచి రోజూ కొంచెంకొంచెం కలుపుకుంటూ తొట్టెని పైకి తెచ్చుకుందాం. కానీ అవి వచ్చేదాకా ఇవి ఈ మురుగులో బతికుండవు. ఇప్పుడు చేపల్నే కిందికి దించాలి. ఉప్పు నుంచి చప్పకి."

రాజరత్నం డ్రమ్ములు వేసుకుని వెళ్ళిపోయాడు. సత్య మిగతా సంచులు కూడా విప్పి చేపలన్నిటినీ బకెట్లోకి మార్చింది. తొట్టెలోంచి బకెట్లోకి సెలైన్ గొట్టం వేలాడదీసి, చక్రం తిప్పి చుక్కలు వదిలింది. టప్, టప్, టప్. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్నట్టుంది. ముగ్గురం బకెట్టు చుట్టూ కూర్చున్నాం, ముగ్గుర్లోనూ నేనే ఎక్కువ నిట్టూరుస్తున్నాను.

నీళ్ళలోంచి వాసన రావడం మొదలైంది. చచ్చిన వాసన కాదు, ముక్కు మండే వాసన. పసుపుపచ్చది బకెట్టు అడుగుకి ఆనింది. నారింజరంగు జంట పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.

"ఏమవుతోందే?"

"నేను చెప్పినంత గబగబా కావడం లేదు. చుక్కలు మెల్లిగా పడుతుంటే సంచినీళ్ళ విషం తగ్గడం లేదు. జోరు పెంచి ఒకేసారి చప్ప చేసేస్తే, ఆ దెబ్బకి పోతాయేమో." గొట్టం చక్రం మీద దాని వేలు ముందుకీ వెనక్కీ కదులుతోంది. "పుస్తకంలో మెల్లిగా అనే ఉందమ్మా. కానీ ఆ పుస్తకం రాసినవాళ్ళ తొట్టెలో సగం గోదారి ఉండదు. ఎంత తొందరగా దించచ్చో నాకు తెలియడం లేదు."

తెలిసిన మనిషి గోడకవతల కూర్చున్నారు. హేచరీ ఉప్పునీళ్ళలోంచి వానాకాలపు చెరువుల్లోకి ఎన్ని లక్షల ప్రాణాల్ని దించారో ఆయనకే తెలియదు.

సత్య తలెత్తింది. గోడకేసే చూస్తూ అడిగింది.

"నాన్నా. ఈ చుక్కలు చాలా?"

టప్, టప్.

"నాన్నా, జోరు పెంచనా?"

పేపరు కూడా తిరగలేదు. సత్య కళ్ళు తుడుచుకోలేదు, తడిచేతులు కదా. భుజానికి రాసుకుంది.

నాకు అప్పుడు వచ్చింది కోపం. పెళ్ళయిన నాటినుంచీ ఆయన ముందు గొంతెత్తినదాన్ని కాదు. ఎత్తితే ఏమవుతుందోనని భయపడే మనిషిని. వసారాలోకి వెళ్ళి ఆ పేపరు చేతుల్లోంచి లాగేశాను. నిన్నటి పేపరు అది.

"పొద్దున్న మీరు తొట్టెలో వేలు పెట్టారు. నేను చూశాను. చప్పగా ఉందని మీకప్పుడే తెలుసు. పిల్ల స్టేషన్లో ఉండగానే తెలుసు. చెప్పలేదు."

ఆయన చేతులు పేపరు పట్టుకున్నట్టే గాల్లో ఉన్నాయి.

"అమ్మా, వద్దులే," అంది సత్య లోపల్నుంచి.

"నువ్వు చేపల్ని చూసుకో." నేను ఆగలేదు. "ఆ ఏడు మీరు దింపచ్చన్న చెరువులన్నీ పోయాయి. ఒప్పుకున్నాను. మరి అవతలి ఒడ్డువాళ్ళు మిమ్మల్ని పిలిచారా? వాళ్ళ నీళ్ళు మీరు నాలిక్కి రాసుకున్నారా? వాళ్ళవి మాత్రం మిగిలాయా? మీరు చూసినవీ పోయాయి, చూడనివీ పోయాయి. ఊరూరా తిరిగిన రోగాన్ని మీరొక్కరే నెత్తినేసుకుని, ఇన్నేళ్ళుగా నా పులుసు మీద పగ తీర్చుకుంటున్నారు."

వెనక అత్తగారు "అమ్మ పాపాయి" అన్నారు. మెచ్చుకుంటున్నారో హడలిపోతున్నారో తెలియలేదు.

"మీరు చెప్పింది తప్పైతే ఆ చేపలు పోతాయి. మీరు నోరు మూసుకున్నా పోతాయి. చెప్పి పోతే, మా నాన్న నా పక్కన నిలబడ్డాడనైనా అనుకుంటుంది అది. బి.ఇడి.కి కూడా ఏడవకుండా వెళ్తుంది."

ఆయన నాకేసి చూశారు. చేతులు దించుకుని, అరచేతుల్లోకి చూసుకుంటూ ఉండిపోయారు.

ఇక నాలో ఏమీ మిగల్లేదు. పేపరు మడిచి ఆయన పక్కన పెట్టి, లోపలికి వచ్చి బకెట్టు దగ్గర కూలబడ్డాను. అనకూడనిదంతా అనేశాను. ఆ మనిషి ఇప్పుడు ఇల్లొదిలి వెళ్ళిపోతే? గోదారి గట్టు ఎంత దూరమని? వరదగా ఉంది కూడా. నా బుర్ర అలా పరిగెడుతూనే ఉంది.

వసారాలో కుర్చీ కిర్రుమంది.

అడుగుల చప్పుడు మెట్లవైపు పోలేదు. ఇటే వచ్చింది.

ఆయన గుమ్మంలో ఆగారు. గదిలో చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా ఆగారో, గడప దాటడానికే ఆగారో. తర్వాత వచ్చి సత్య పక్కన, తడినేల మీదే గొంతుక్కూర్చున్నారు. సత్య కదల్లేదు. నేను ఊపిరి కూడా మెల్లిగా తీశాను, పాపం చేపలాగే.

బకెట్లో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు. మోకాలి మీద తుడుచుకుని, తొట్టెలోకి చెయ్యి చాపి అక్కడా ముంచి రాసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

అంతకుముందు ఆయన మాట్లాడటం లేదని కోపం. ఇప్పుడు మాట్లాడతారేమోనని భయం పట్టుకుంది. ఈయన చెప్పాక అవి చచ్చిపోతే? మళ్ళీ ఈ మనిషిని ఎవరు తేగలరు? వద్దులెండి, మీరు చెప్పకండి, లేచి వెళ్ళిపోండి అందామని నోటిదాకా వచ్చింది.

పసుపుపచ్చది మొప్పలు ఎగరేస్తోంది. గొట్టంలోంచి చుక్కలు పడుతున్నాయి.

"చాలా నాన్నా?" అంది సత్య. ఈసారి గోడకేసి కాదు. ఆయన ముఖంలోకే చూస్తూ అడిగింది.

ఆయన కళ్ళు తెరవలేదు. మా అత్తగారి పెదవులు సంగమం దేవుణ్ణి పిలుస్తున్నాయి. వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు మోగుతూ వచ్చి, మోగుతూ పోయింది.

ఆయన చెయ్యి చాపి సెలైన్ గొట్టం చక్రం బిగించేశారు. చుక్కలు ఆగిపోయాయి.

"చాలదమ్మా," అన్నారు. గొంతు బొంగురుగా ఉంది, తుప్పు పట్టిన గడియలాగా. "ఉప్పులోకి ఎక్కడం కష్టం గానీ, చప్పకి దిగడానికి ఓర్చుకుంటాయివి. చెంబు తీసుకో. తొట్టెనీళ్ళు అంచు వారగా పొయ్యి, నెత్తిమీద పడకుండా."